ముప్పై రెండో కవరు

నరసరావుపేటలోని దయాసదన్ ఆస్పత్రిలో పురిటి వార్డును ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్నీ, పుట్టగానే నీరసించిపోయిన పిల్లల్నీ అందులో ఉంచేవారు. అందరూ దాన్ని పసిగది అనేవాళ్లు. 1987లో ఆ గదిలో ఉన్నవి నాలుగు వెచ్చని పెట్టెలు, రెండు ఆక్సిజన్ సిలిండర్లు, కరెంటు పోయినప్పుడు పిల్లల పక్కన పెట్టడానికి ఒక డజను వేడినీళ్ల సీసాలు. ఆ గది బాధ్యత ఫిలోమినాది.

ఫిలోమినాకు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. వెల్దుర్తి దగ్గర పల్లెలో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోతే తమ్ముడు యోహానును తనే చదివించింది. వాడు ఇప్పుడు సాగర్ డ్యామ్ దగ్గర విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ వాళ్ల ఆఫీసులో పనిచేస్తున్నాడు. పసిగదిలో ఆమె పదకొండేళ్లుగా ఉంది. బిడ్డను చేతిలోకి తీసుకుని తూకం చెబితే త్రాసు కూడా ఇంచుమించు అదే చెప్పేది.

రెండేళ్ల కిందట మద్రాసులో పిల్లల వైద్యం చదివిన డాక్టర్ రాజేశ్వరి ఆ ఆస్పత్రికి వచ్చింది. ఫిలోమినా కంటే చిన్నది. మాటలు తక్కువ. పసిగదిలో పోయిన బిడ్డల గురించి ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఒకరోజు ఆ పుస్తకం ఫిలోమినా ముందు పెట్టి, "వీళ్లలో సగం మందికి బీపీ పడిపోయింది సిస్టర్. కొందరికి మనం సెలైన్ ఎక్కించాం. కొందరికి డోపమిన్ పెట్టాం. ఎవరికి ఏది ఎందుకు ఇచ్చామని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నాకు ఏది తోస్తే అది ఇచ్చాను" అంది.

డాక్టరు నోటివెంట అలాంటి మాట ఫిలోమినా అంతవరకు వినలేదు.

పసిబిడ్డకు బీపీ చూడటం పెద్దవాళ్లకు చూసినంత తేలిక కాదు. కాలి మడమ పైన రెండు వేళ్ల వెడల్పున్న పట్టీ చుడతారు. వేళ్ల కొసల నుంచి పైకి గుడ్డతో బిగించి కడితే పాదం సున్నంలా తెల్లబడుతుంది. పట్టీలో గాలి నింపి, గుడ్డ విప్పి, గాలిని మెల్లగా వదులుతారు. ఒకరు పాదాన్ని చూస్తుంటే ఇంకొకరు పాదరసం అంకె చూడాలి. తెల్లటి పాదంలోకి ఎరుపు దిగిన క్షణంలో ఉన్న అంకే ఆ బిడ్డ బీపీ. రాజేశ్వరి పాదరసం చూసేది, ఫిలోమినా పాదం చూసి "ఎర్రబడింది" అనేది. అంకె ముప్పైకి తగ్గితే భయపడాల్సిందే.

అప్పుడు చేయగలిగినవి రెండే. సెలైన్ నీళ్లు కొలిచి సిరంజితో నెమ్మదిగా ఎక్కించి రక్తనాళాలు నింపడం ఒకటి. గుండెను గట్టిగా కొట్టుకునేలా చేసే డోపమిన్ మందును చుక్కలు చుక్కలుగా వదలడం రెండోది. దేనితో ఎక్కువమంది బతికి ఇంటికి పోతున్నారో తేల్చాలని రాజేశ్వరి మద్రాసులోని తన గురువుగారికి రాసింది. ఆయన అక్కడి నుంచి అరవై కవర్లు పంపాడు. ఒకటి నుంచి అరవై దాకా పైన నంబర్లు. లోపల చీటీ మీద టైపు చేసిన ఒక్క మాట, సెలైన్ అనో డోపమిన్ అనో. ఏ నంబరులో ఏముందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. బీపీ పడిపోయిన బిడ్డ వచ్చినప్పుడల్లా వరుసలో పైనున్న కవరు చించి, అందులో ఉన్నది మొదలుపెట్టాలి. గంటన్నర దాకా అంకె లేవకపోతే రెండో మందు కూడా ఇవ్వవచ్చు.

తల్లులకు ఈ సంగతి చెప్పి ఒప్పించే పని ఫిలోమినాది. డాక్టరు మాటలు వాళ్లకు ఎక్కేవి కావు. "రెండిట్లో ఏది మంచిదో డాక్టరమ్మకే తెలవదంట. అందుకని చీటీ తీస్తాం. డబ్బున్నోళ్లకొకటి, లేనోళ్లకొకటి ఉండదమ్మా. మా ఇంటి బిడ్డయినా పైనున్న కవరే" అని చెప్పేది. ఆ చివరి మాట డాక్టరు చెప్పమన్నది కాదు. ఫిలోమినాయే కలిపింది. అది వినగానే ఆడవాళ్లు వేలిముద్ర వేసేవాళ్లు.

మార్చిలో మొదలుపెడితే ఆగస్టు నాటికి ముప్పై ఒక్క కవర్లు అయ్యాయి. ఏది మంచిదో ఇంకా తేల్చుకోకూడదని రాజేశ్వరి గట్టిగా చెప్పింది. కానీ ఫిలోమినా రోజూ పాదాలు చూస్తోంది. డోపమిన్ చుక్కలు మొదలైన అరగంటలో అంకె ఇరవై ఆరు నుంచి ముప్పై ఎనిమిదికి ఎగబాకడం కళ్లారా చూసింది. సెలైన్ ఇచ్చినవాళ్లకు రెండో మూడో పెరిగి అక్కడే ఆగేది. మనసులో ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

ఆగస్టు రెండో వారంలో ఒక సోమవారం మధ్యాహ్నం ఇరిగేషన్ జీపు ఆస్పత్రి మెట్ల దగ్గర ఆగింది. అందులోంచి యోహాను దిగాడు. వెనక సీట్లో అతని భార్య సుందరి పడుకుని ఉంది. ఏడో నెల దాటి రెండు వారాలు. సాగర్ నుంచి వచ్చేలోపే ఉమ్మనీరు పోయింది.

సుందరికి ఇది మూడో కాన్పు. మొదటిది ఆరో నెలలో పోయింది. రెండోసారి పుట్టిన మగబిడ్డ ఒక్క రోజు బతికాడు. ఆ బిడ్డను పాతిపెట్టిన సాయంత్రం యోహాను అక్క ఒళ్లో తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గంటలోపే ఆడపిల్ల పుట్టింది. ఫిలోమినా బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుంది. పధ్నాలుగు వందల గ్రాములుంటుందనుకుంది. త్రాసు పదమూడు వందల ఎనభై చూపించింది.

"బతుకుద్దా అక్కా?" అన్నాడు యోహాను తలుపు దగ్గర నిలబడి.

"నోరు మూసుకుని ప్రార్థన చేసుకో, పో" అంది ఫిలోమినా.

మూడు గంటలకు బిడ్డ రంగు మారింది. గోళ్ల దగ్గర బూడిదరంగు వచ్చింది. రాజేశ్వరి, ఫిలోమినా కలిసి బీపీ చూశారు. ఇరవై ఏడు. మళ్లీ చూశారు. ఇరవై ఆరు. అప్పుడే ఆపరేషన్ థియేటర్ నుంచి కబురు వచ్చింది, కోసి తీసిన బిడ్డ ఏడవడం లేదని.

రాజేశ్వరి తలుపు దాకా వెళ్లి ఆగింది. "సిస్టర్, మీ తమ్ముడు సంతకం పెట్టాడు కదా. కవరు తీసి మొదలుపెట్టండి. పది నిమిషాల్లో వస్తాను."

"అట్టాగే మేడమ్."

గదిలో ఆమె, నలుగురు పసిబిడ్డలు మాత్రమే మిగిలారు. ఫిలోమినా అల్మరా తెరిచి ముప్పై రెండో కవరు తీసింది. మూత దగ్గర చించి చీటీ విప్పింది.

సెలైన్.

చీటీని మేజా మీద పెట్టి పెట్టె వైపు చూసింది. మేనకోడలి పొట్ట వేగంగా లేస్తూ పడుతోంది. పాదం ఆమె బొటనవేలంత ఉంది.

తరవాత చాలాసార్లు ఆమె ఆ నాలుగు నిమిషాల్ని తలుచుకుంది. తెలియక చేశానని అనుకోవడానికి ఎక్కడా చోటు దొరకలేదు. ముప్పై మూడో కవరు మూత అంచును సర్జికల్ బ్లేడుతో చిరగకుండా లేపింది. లోపల డోపమిన్ అని ఉంది. ఆ చీటీ తీసి, సెలైన్ చీటీని అందులో పెట్టింది. బంక సీసా ఎక్కడుందో గుర్తు రాక రెండు సొరుగులు వెతికింది. అంటించి, గుడ్డతో ఒత్తి, కవరును వరుసలో పైన పెట్టింది. తెలియక చేసేవాళ్లు బంక సీసా కోసం వెతకరు.

పావుగంట తరవాత రాజేశ్వరి వచ్చేసరికి బిడ్డ పాదం దగ్గర నరంలోకి డోపమిన్ చుక్కలు పడుతున్నాయి. ఫిలోమినా చేతి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెడుతోంది.

"డోపమినా?" అంది రాజేశ్వరి రిజిస్టరులో రాస్తూ.

"అవును మేడమ్."

సాయంత్రం అయిదుకు అంకె ముప్పై ఏడయింది. ఫిలోమినా వరండాలోకి వచ్చి తమ్ముడికి చెప్పింది. అతను ఆమె చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఆమె చేతులు వెనక్కి లాక్కుని, నీళ్లు తాగాలంటూ లోపలికి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఏ బిడ్డకూ బీపీ పడిపోలేదు. ఇలాగే వారం పది రోజులు ఎవరూ రాకుండా ఉంటే బాగుండునని ఫిలోమినా అనుకుంది. ఎందుకు బాగుంటుందో ఆమెకే తెలియలేదు. ఆ కవరు ఎప్పటికైనా ఎవరికో ఒకరికి రావాల్సిందే.

బుధవారం ఉదయం మాచర్ల నుంచి హసీనా అనే ఇరవై ఏళ్ల పిల్ల వచ్చింది. ఆమె భర్త బాజీ లారీ మెకానిక్. హసీనాను వాళ్ల అత్త జైనాబ్ బీ బస్సులో ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకొచ్చింది. పదిగంటలకు మగపిల్లాడు పుట్టాడు. పదమూడు వందల గ్రాములు. మధ్యాహ్నానికి బీపీ ఇరవై ఎనిమిదికి వచ్చింది.

చీటీల సంగతి చెప్పడానికి ఫిలోమినా పురిటి మంచం దగ్గరికి వెళ్లింది. రోజూ చెప్పే మాటలే. మొదలుపెట్టింది గానీ చివరి మాట దగ్గర ఆగిపోయింది.

జైనాబ్ బీ అడిగింది. "ఏందమ్మా సిస్టరమ్మా, ఏం తెలవనోళ్లమని ఏదో ఒకటి ఎక్కించేస్తారా ఏంది?"

"లేదు పెద్దమ్మా. అందరికీ ఒకటే పద్ధతి" అంది ఫిలోమినా.

"మీ ఇళ్లల్లో బిడ్డకైనా ఇంతేనా?"

తన మాటే తన ముందుకు వచ్చింది. "ఇంతే" అంది ఫిలోమినా. హసీనా పడుకునే వేలు చాపింది. ఫిలోమినా ఆ వేలికి సిరా రాసి కాగితం మీద ఒత్తింది.

ఆ రోజు రాజేశ్వరి గదిలోనే ఉంది. ముప్పై మూడో కవరు తనే చించింది. చీటీ చూసి, "సెలైన్. పదమూడు మిల్లీలీటర్లు తియ్యండి" అంది.

ఫిలోమినా కదల్లేదు.

"సిస్టర్?"

"మేడమ్, ఈ బిడ్డకి డోపమిన్ పెడదామా?"

రాజేశ్వరి తలెత్తింది. "ఎందుకు?"

"చానా నీరసంగా ఉండాడు."

"ఇంతకుముందు వచ్చినవాళ్లంతా ఇలాగే ఉన్నారు కదా. కవరులో ఉన్నదే ఇవ్వాలి. గంటన్నర చూద్దాం, లేవకపోతే అదీ పెడదాం."

చెప్పడానికి అది సమయమని ఫిలోమినాకు తెలుసు. నోరు తెరిస్తే చాలు. కానీ సిరంజి తీసుకుని సెలైన్ నింపింది.

అంకె ముప్పై ఒకటికి వచ్చి మళ్లీ ఇరవై ఎనిమిదికి దిగింది. రెండోసారి సెలైన్ ఇచ్చారు. గంటన్నర కాగానే డోపమిన్ మొదలుపెట్టారు. నరం దొరకడానికి ఇంకో అరగంట పట్టింది. సాయంత్రానికి ముప్పై నాలుగు చూపించింది. ఫిలోమినా డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా ఆ పెట్టె దగ్గరే కూర్చుంది.

ఆమె అక్కడ కూర్చుని ఉన్నప్పుడే గది రెండో మూల మేనకోడలి కాలి దగ్గర సూది కొద్దిగా పక్కకు జరిగింది. మందు నరంలోకి కాకుండా చర్మం కిందికి దిగింది. అలా దిగితే ఆ చోటికి రక్తం అందదు. పక్క నర్సు గమనించి పిలిచేసరికి చిటికెన వేలు, దాని కింది చర్మం నీలంగా మారాయి. రాజేశ్వరి సూది తీసేసింది. అప్పటికి బీపీ నిలకడగానే ఉంది కాబట్టి మళ్లీ మందు అవసరం రాలేదు. కానీ మర్నాటికి ఆ వేలు నల్లబడింది.

హసీనా కొడుకు శుక్రవారం ఉదయం పోయాడు.

జైనాబ్ బీ బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి తీసుకుని, "బతికినన్నాళ్లు నువ్వే చూశావమ్మా, దేవుడు నీకు మంచి చేస్తాడు" అంది ఫిలోమినాతో. హసీనా రొమ్ముల్లో పాలు పడి జాకెట్టు తడిసిపోయింది. ఆమె కొంగు కప్పుకుని అత్త వెనకే మెట్లు దిగింది. బిడ్డను సాయంత్రంలోపు మాచర్ల చేర్చాలని వాళ్లు పదకొండు గంటల బస్సుకే వెళ్లిపోయారు.

సుందరి కూతురు నెల రోజులు ఆస్పత్రిలో ఉంది. ఎండిన చిటికెన వేలు దానంతట అదే ఊడిపోయింది. పద్దెనిమిది వందల గ్రాములకు వచ్చాక ఇంటికి పంపారు. యోహాను బిడ్డ పాదం చూసి, "ఒక వేలు పోతే పోయిందిలే అక్కా. బిడ్డ ఉంది, అది చాలు" అన్నాడు. బిడ్డకు గ్రేస్ అని పేరు పెట్టారు. బాప్తిస్మానికి రమ్మని ఫిలోమినాకు రెండు ఉత్తరాలు రాశాడు. ఆమె సెలవు దొరకలేదని రాసింది. సెలవు ఆమె అడగనే లేదు.

అక్టోబరులో మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటిదాకా జరిగినవాటి పట్టికను రాజేశ్వరి పంపితే, గురువుగారు తన దగ్గరున్న అసలు జాబితాతో సరిచూశాడు. ముప్పై రెండు సెలైన్, ముప్పై మూడు డోపమిన్ అయి ఉండాలి, మీ పట్టికలో తిరగబడి ఉంది, రాయడంలో పొరపాటేమో చూడమని అందులో ఉంది.

రాజేశ్వరి ఆ ఉత్తరం పట్టుకుని పసిగదికి వచ్చింది. "కవర్లు పేర్చేటప్పుడు వెనకా ముందూ అయ్యుంటాయా సిస్టర్? లేక నేనే తప్పు రాశానా?"

ఆమె గొంతులో అనుమానం లేదు. అవునేమో మేడమ్ అంటే అక్కడితో అయిపోయేది. ఫిలోమినా చేతిలో ఉన్న పాలగిన్నె కింద పెట్టింది.

"తప్పు రాయలా మేడమ్. నేనే మార్చినా."

రాజేశ్వరికి మొదట అర్థం కాలేదు. ఫిలోమినా బ్లేడు నుంచి బంక సీసా దాకా అంతా చెప్పింది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చెప్పడం అయ్యాక రాజేశ్వరి స్టూలు మీద కూర్చుంది.

"ముప్పై మూడులో కూడా సెలైనే ఉంటే ఏం చేసేవారు?"

"ముప్పై నాలుగు తెరిచేదాన్నేమో."

"నేను వేరే ఎవరికైనా కవరు తియ్యమని చెప్పి ఉండాల్సింది" అంది రాజేశ్వరి. "మీ మేనకోడలని తెలిసి మీ చేతికే వదిలి వెళ్లాను. అది నా తప్పు. మిగిలింది మీ తప్పు. రెండూ నేను మద్రాసుకు రాస్తాను. రేపటి నుంచి కవర్లు మీరు ముట్టుకోవద్దు."

"నన్ను పనిలోంచి తీసేస్తారా మేడమ్?"

"నాకు తెలియదు. ఇవాళ ఆ మాట అడగొద్దు."

రాజేశ్వరి లేచి తలుపు దాకా వెళ్లింది. ఫిలోమినా వెనక నుంచి అడిగింది. "మేడమ్, ఆ బిడ్డకి ముందే డోపమిన్ పెట్టుంటే బతికేవాడా?"

రాజేశ్వరి వెంటనే వెనక్కి తిరిగింది. ఆమె ముఖం ఎర్రబడింది. "అది నాకు తెలిస్తే ఈ కవర్లు ఎందుకు సిస్టర్? రెండు గంటల ముందు ఇస్తే బతికేవాడేమో. అయినా పోయేవాడేమో. మీ మేనకోడలు సెలైన్‌తోనే కోలుకునేదేమో, వేలు పోయేది కాదేమో. ఒక్క బిడ్డను చూసి ఏదీ చెప్పలేం. అందుకేగా అరవై మందిని తీసుకున్నది."

ఫిలోమినాను పనిలోంచి తియ్యలేదు. కానీ ఆ రోజు నుంచి రాజేశ్వరి ఆమెను సలహా అడగడం మానేసింది. బీపీ చూసేటప్పుడు "ఎర్రబడింది" అని ఫిలోమినా చెబితే, ఇంకోసారి చూద్దాం అనేది. ఇదివరకు ఎప్పుడూ అలా అనలేదు. ఆ శిక్ష ఫిలోమినాకు ఉద్యోగం పోయినదానికంటే బరువుగా అనిపించింది.

అరవయ్యో కవరు మరుసటి ఏడాది జూన్‌లో అయిపోయింది. మద్రాసు నుంచి లెక్క తేలి వచ్చిన రోజు రాజేశ్వరి ఫిలోమినాను తన గదికి పిలిచి, కుర్చీ చూపించి, కాగితం ముందుకు జరిపింది.

"డోపమిన్‌తో అంకె తొందరగా లేచింది. మీరు చూసింది నిజమే. కానీ బతికి ఇంటికి పోయినవాళ్లు అటు పద్దెనిమిది మంది, ఇటు పంతొమ్మిది మంది. చీటీలు మారిన ఆ ఇద్దరినీ కలిపి చూసినా, తీసేసి చూసినా పెద్ద తేడా లేదు."

"డోపమిన్ పద్దెనిమిదా, పంతొమ్మిదా?"

"పద్దెనిమిది" అంది రాజేశ్వరి.

ఫిలోమినా ఆ కాగితం వైపు చూస్తూ కూర్చుంది. పది నెలలుగా ఆమె ఈ రోజు కోసం ఎదురుచూసింది. రెండు మందులూ ఒకటేనని తేలితే గుండె మీద బరువు దిగుతుందని ఆశపడింది. ఇప్పుడు తేలింది. కానీ జైనాబ్ బీ అడిగినదీ, తను ఇంతే అన్నదీ అలాగే ఉన్నాయి. ఏ లెక్కా ఆ మాటను మార్చదు.

"నేను మాచర్ల పోయి ఆ పిల్లకి చెప్పాలనుకుంటున్నా మేడమ్."

రాజేశ్వరి కాగితం మడిచి పక్కన పెట్టింది. "మీ మనసు తేలికవుతుంది. ఆ అమ్మాయికి ఏం దొరుకుతుంది?"

ఆ మాటతో ఫిలోమినా ఆ వారం వెళ్లలేదు. ఆ నెలా వెళ్లలేదు. చివరికి ఆగస్టులో, బిడ్డ పోయిన ఏడాదికి, మాచర్ల బస్సెక్కింది.

బాజీ షెడ్డు ఎక్కడో బస్టాండులో అడిగితే చెప్పారు. ఇల్లు దాని వెనకే. జైనాబ్ బీ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఫిలోమినాను చూసి చాట పక్కనపెట్టి లేచింది. "యా అల్లా, సిస్టరమ్మా! హసీనా, ఎవరొచ్చారో చూడవే!"

హసీనా లోపలి నుంచి వచ్చింది. ఆరో నెల కడుపు. ఫిలోమినా నిలబడిపోయింది.

జైనాబ్ బీ చాప పరిచి మంచినీళ్లు ఇచ్చింది. "ఈసారీ నీ దగ్గరికే తీసుకొస్తామమ్మా. గుంటూరు పొమ్మని మావాడు అంటుండాడు. నేనే వద్దన్నా. ఆ అమ్మ కంటే బాగా ఎవరు చూస్తారు అన్నా."

బస్సులో వచ్చేటప్పుడు, హసీనాను చూశాక మనసు ఎటు చెబితే అటు చేద్దామని ఫిలోమినా అనుకుంది. ఆ మాట విన్నాక ఇక రెండో దారి లేదు.

"నీళ్లు తర్వాత తాగుతా పెద్దమ్మా. ముందు నేను చెప్పేది వినండి."

చెప్పింది. కవర్లు, తమ్ముడు, మేనకోడలు, చీటీ మార్చడం. బిడ్డకు డోపమిన్ రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన సంగతి. రెండు మందులకూ తేడా లేదని లెక్కలో తేలిన సంగతి మాత్రం ఆమె నోట రాలేదు. చెబితే తనను తాను వెనకేసుకొచ్చినట్టు ఉంటుందనిపించింది.

జైనాబ్ బీకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "అంటే, మా బిడ్డ మందు నీ తమ్ముడి బిడ్డకి పెట్టినావా?"

"అవును పెద్దమ్మా."

"నేను అడిగినా కదే! మీ ఇంటి బిడ్డకైనా ఇంతేనా అని నీ మొహం చూసి అడిగినా కదే!"

"అడిగారు."

"లే" అంది జైనాబ్ బీ. "లేచి పో. మళ్లీ మా గడప తొక్కమాక."

ఫిలోమినా లేచింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న హసీనా మొదటిసారి మాట్లాడింది.

"ఆ పిల్ల ఉందా?"

"ఉంది."

"నడుస్తుందా?"

"ఇప్పుడే. ఏదో ఒకటి పట్టుకుని నడుస్తాది."

హసీనా లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఫిలోమినా చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. షెడ్డులో లారీ కింద పడుకుని పనిచేస్తున్న బాజీ, విషయం తెలియక, "పోయొస్తారా అమ్మా?" అని అడిగాడు. ఆమె తలూపి బస్టాండు వైపు నడిచింది.

వాళ్లు ఇక రారనే అనుకుంది. కానీ నవంబరు చివర్లో ఒకరోజు పొద్దున్నే రాజేశ్వరి పసిగదికి వచ్చి తలుపు వేసింది.

"హసీనా వచ్చింది. నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండాయి, భయం లేదు." ఆమె ఆగింది. "మీరు బిడ్డను ముట్టుకోకూడదని వాళ్లు అడిగారు. నేను సరేనన్నాను."

"మంచిది మేడమ్" అంది ఫిలోమినా.

ఆ రోజు ఆమె గాజు సిరంజిలు ఉడకబెట్టే గదిలో పనిచేసింది. పదకొండున్నరకు గోడ అవతల నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు. ఫిలోమినా స్టవ్ తగ్గించి, ఆ ఏడుపు ఆగేదాకా వింటూ నిలబడింది. ఆ తర్వాత ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో తనకే తెలియలేదు. సంతోషమే అయి ఉంటుంది. అది ఒక్కటే అయితే అంతసేపు ఏడవదు.

ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు. తూకం వేసిన నర్సు చెబితే తెలిసింది.

నాలుగో రోజు వాళ్లు ఇంటికి బయలుదేరారు. ఫిలోమినా ఎదురుపడకూడదని వెనక వరండాలో దుప్పట్లు మడత పెడుతోంది. అడుగుల చప్పుడు విని తలెత్తితే హసీనా ఒక్కతే నిలబడి ఉంది. బిడ్డ అత్త దగ్గర ఉన్నట్టుంది.

"మా అత్తకి నీ మీద కోపం పోలా" అంది హసీనా.

"పోదమ్మా."

"నాకూ పోలా."

ఫిలోమినా దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది.

"ఎందుకొచ్చి చెప్పినావు? చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదుగా?"

"మళ్లీ నా దగ్గరికే వస్తామన్నారు. నన్ను నమ్మి" అంది ఫిలోమినా. "చెప్పకుండా నీ బిడ్డను ఎట్టా పట్టుకునేది?"

హసీనా వెళ్లబోయి ఆగింది. "వాడికి పేరు కూడా పెట్టలా మేము. పోయాక మా ఆయన పెట్టినాడు, మస్తాన్ అని. నీకు తెలియాలని చెబుతున్నా."

"మస్తాన్" అంది ఫిలోమినా.

ముందు వరండాలోంచి జైనాబ్ బీ పిలిచింది. హసీనా తలమీద కొంగు సర్దుకుని వెళ్లింది. గేటు బయట బాజీ రిక్షా పక్కన నిలబడి ఉన్నాడు. జైనాబ్ బీ ఎక్కి బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. హసీనా మెల్లగా ఎక్కి ఆమె పక్కన కూర్చుంది. రిక్షా బస్టాండు వైపు తిరిగేదాకా ఫిలోమినా వరండా స్తంభం దగ్గర నిలబడి చూసింది. తరవాత మిగిలిన దుప్పట్లు మడిచి, చేతులు కడుక్కుని పసిగదిలోకి వెళ్లింది. అక్కడ రాజేశ్వరి కొత్తగా వచ్చిన బిడ్డ కాలికి పట్టీ చుడుతోంది.

"రండి సిస్టర్" అంది తల ఎత్తకుండానే. "పాదం మీరు చూడండి."